డ్రమ్మర్ కళ్లు డాన్సర్ పాదాల మీద

పాఠకుల ప్రశ్నలు: నృత్యానికి రాసిన జాజ్

క్రితం సంచికలో స్వింగ్ (జాజ్‌కి ఊపునిచ్చే పొడుగు-పొట్టి లయ) గురించి రెండు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డాన్స్ గురించే అడిగాయి. నాకూ అదే ఇష్టం. డాన్స్ రిహార్సల్స్‌లో పియానో వాయించడమే నా బతుకుతెరువు కాబట్టి ఈ విషయంలో నా మాటల్లో సగం చేత్తో చేసిన పని నుంచి వచ్చినవే. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగిన చోట కలిపేశాను. ఉత్తరాల్లో పొగడ్తలు కత్తిరించాను, తిట్లు కూడా.

ప్రశ్న: మేడమ్, నేను డాన్స్ నేర్చుకుంటున్నాను. జాజ్ అంటే అప్పటికప్పుడు పుట్టించి వాయించేది అంటారు. మా స్టెప్పులేమో ముందే ఫిక్స్ అయి ఉంటాయి. సంగీతం రోజుకో రకంగా మారిపోతుంటే డాన్సర్ దేన్ని పట్టుకుని ఆడాలి?

మారేది నువ్వు అనుకున్నంత ఏమీ ఉండదమ్మా. జాజ్‌లో స్వేచ్ఛ అంతా ఒక చట్రం లోపలే. ఆ చట్రం కదలదు. బార్ అంటే నాలుగు బీట్ల ముక్క. 12 బార్ల బ్లూస్ అనే పాట రకం ఈరోజూ 12 బార్లే, రేపూ 12 బార్లే. 32 బార్ల పాటా అంతే. అలా ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా తిరిగి వచ్చే చుట్టును కోరస్ అంటారు. మన ఆవర్తనం లాంటిదే, కాకపోతే చాలా పొడుగు. కోరస్‌లో ఏ బార్‌కి ఏ కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) వస్తుందో బ్యాండ్‌లో అందరికీ కంఠతా వచ్చు. వాటి మీద ట్రంపెట్ వాయించేవాడు ఈరోజు ఒకలా వాయిస్తాడు, రేపు ఇంకోలా వాయిస్తాడు. కానీ తొమ్మిదో బార్ తొమ్మిదో బార్ చోటులోనే వస్తుంది. నువ్వు పట్టుకోవలసింది ట్రంపెట్ స్వరాలను కాదు, ఆ బార్లను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డాన్సర్లు ఎనిమిదుల్లో లెక్కపెడతారు. మేము నాలుగు బీట్ల బార్లలో లెక్కపెడతాం. మీ ఒక ఎనిమిది మాకు రెండు బార్లు. 32 బార్ల పాటలో మీకు 16 ఎనిమిదులు దొరుకుతాయి. అది ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు: మొదటి రెండూ ఒకే బాణీ, మూడోది వేరు, నాలుగోది మళ్లీ మొదటి బాణీ. భాగానికి నాలుగు ఎనిమిదులు. డాన్సర్‌కి ఇంతకంటే హాయి ఇంకేం కావాలి? గొడవంతా బ్లూస్ దగ్గరే. 12 బార్లంటే 6 ఎనిమిదులు. నాలుగేసి ఎనిమిదుల ముక్కలుగా స్టెప్పులు కూర్చడం అలవాటైన టీచర్ బ్లూస్ ముట్టుకుంటే, మొదటి ముక్క అయ్యేసరికి కోరస్‌లో ఇంకా 4 బార్లు మిగిలే ఉంటాయి. రెండో ముక్క పాత కోరస్ తోకలో మొదలై కొత్త కోరస్ నడుమ ముగుస్తుంది. అడుగు ఒక దారి, పాట ఒక దారి. అయితే మూడు ముక్కలు అయ్యేసరికి సరిగ్గా రెండు కోరస్‌లు పూర్తయి రెండూ ఒకచోట దిగుతాయి. తెలివైన కొరియోగ్రాఫర్ ఈ ఎడాన్ని కావాలనే వాడుకుంటాడు. తెలియని కొరియోగ్రాఫర్ బ్యాండ్‌ని తిడతాడు.

ఇంక, ఎంతసేపు సాగాలో ముందే తేల్చని చోట్లు కూడా ఉంటాయి. రెండో నాలుగో బార్లను తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటాం. దాన్ని వాంప్ అంటారు. డాన్సర్ చెయ్యి ఎత్తడమో వెనక్కి తిరగడమో చేస్తే అదే క్యూ, అంటే సైగ. డ్రమ్మర్ అది చూసి ఒక ఫిల్ (చిన్న డ్రమ్ ముక్క) కొడతాడు, బ్యాండ్ మొత్తం తర్వాతి భాగంలోకి దూకుతుంది. అందుకే డాన్స్‌కి వాయించే డ్రమ్మర్ కాగితం కంటే స్టేజ్‌నే ఎక్కువ చూడాలి. ఒక ప్రొడక్షన్‌లో సెట్ అందంగా ఉండాలని డ్రమ్స్‌ను పల్చటి పరదా వెనక్కి నెట్టారు. డాన్సర్ క్యూ ఇస్తుంది, డ్రమ్మర్‌కి కనపడదు, పియానో దగ్గర నుంచి నేను తల ఊపి అతనికి చెప్పాలి. సాయంత్రానికి మెడ పట్టేసింది. మర్నాడు పరదా తీసేశారు.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది. టెంపో (వేగం), కోరస్‌లు ఎన్ని, బ్రేకులు (బ్యాండ్ ఆగే చోట్లు) ఎక్కడ, ముగింపు ఎలా అన్నవి రాసి పెట్టాలి. ఆ గీతల మధ్య ఏం వాయించాలన్నది వాయించేవాళ్లకే వదిలేయాలి. నృత్యానికి బాగా కుదిరిన జాజ్ ఏది తీసుకున్నా నాకు ఈ పంపకమే కనిపిస్తుంది.

ప్రశ్న: జాజ్ కచేరీల వీడియోలు చూస్తే జనం కదలకుండా కూర్చుని వింటున్నారు. ఇది డాన్స్ సంగీతమని మీరు రాశారు. మరి ఆ డాన్స్ ఎక్కడికి పోయిందండీ?

కొంత పన్ను మింగేసిందండీ. వేళాకోళం కాదు.

1926లో న్యూయార్క్ హార్లెమ్‌లో లెనాక్స్ అవెన్యూ మీద సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. 140, 141 వీధుల మధ్య మొత్తం ఆక్రమించిన హాలు. లోపల రెండు బ్యాండ్ స్టాండ్లు. ఒక బ్యాండ్ ఆపితే రెండోది అందుకుంటుంది కాబట్టి జనం ఆగే పనే లేదు. అక్కడ డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండ్‌దే రాజ్యం. వెన్నెముక జబ్బుతో పొట్టిగా ఉండిపోయిన మనిషి, డ్రమ్స్ వెనక కూర్చుంటే మాత్రం కొండ. 1937 మే 11న బెన్నీ గుడ్‌మన్ తన బ్యాండ్‌తో అక్కడికి పోటీకి వచ్చాడు. దేశమంతా ఊగిపోతున్న పేరు గుడ్‌మన్‌ది. ఆ రాత్రి గెలుపు వెబ్‌దని తేల్చింది సవాయ్ జనమే. గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా లేచి వెబ్‌కి వంగి నమస్కరించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ బ్యాండ్‌కి పరీక్ష పెట్టేది లిండీ హాప్ అనే జోడీ నృత్యం ఆడేవాళ్లు. 1935 ప్రాంతంలో ఫ్రాంకీ మానింగ్ తన జోడీని వీపు మీదుగా గాల్లోకి తిప్పి దించే స్టెప్ తెచ్చాడు. అలాంటిది కిందికి దిగే క్షణంలో డ్రమ్ దెబ్బ పడకపోతే ఆ బ్యాండ్ పరువు పోయినట్టే.

1944 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం, డాన్స్ గానీ పాట గానీ ఉన్న క్లబ్బుల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసింది. కొన్ని నెలలకు 20కి తగ్గించినా ఏళ్ల తరబడి అలాగే ఉంచింది. వట్టి వాయిద్య సంగీతం ఉంటే పన్ను లేదు. యజమాని ఏం చేస్తాడు? డాన్స్ ఫ్లోర్ మీద టేబుళ్లు వేశాడు. పైగా యుద్ధం, పెద్ద బ్యాండ్ల ఖర్చు, మారుతున్న అభిరుచి. సవాయ్ 1958లో మూతపడింది.

బీబాప్ అనే వేగమైన, చిక్కటి జాజ్ వచ్చి డాన్స్‌ను చంపిందని ఒక వాదన ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఆ వేగానికి ఆడగలిగిన డాన్సర్లు ఉన్నారు. వాళ్ల గురించి కింద టాప్ (ఇనుప పలకలున్న బూట్లతో లయ కొట్టే నృత్యం) ప్రశ్న దగ్గర చెబుతాను.

ప్రశ్న: డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ పాటలే తెలుసు. ఆయన బ్యాలేకి కూడా రాశాడని విన్నాను. నిజమా?

నిజమే. కానీ బ్యాలే దగ్గర మొదలుపెడితే కథ సగంలో మొదలుపెట్టినట్టు. ఎల్లింగ్టన్ డాన్స్‌కి రాయడం నేర్చింది హార్లెమ్ కాటన్ క్లబ్‌లో. 1927 డిసెంబర్ నుంచి 1931 దాకా అతని బ్యాండ్ అక్కడి ఆస్థానం. స్టేజ్ మీద నల్లజాతి కళాకారులు, టేబుళ్ల దగ్గర తెల్లవాళ్లు మాత్రమే. ఆ క్లబ్ సిగ్గుమాలిన నియమం అది. రాత్రికి ఒక ఫ్లోర్ షో: బృంద నృత్యం, టాప్ డాన్సర్లు, హాస్యం, పాట. ఒక్కో అంశానికి ప్రవేశం కావాలి, మధ్యలో డాన్సర్ ఒంటరిగా మెరిసే బ్రేక్ కావాలి, చప్పట్లు కొట్టించే నిష్క్రమణ కావాలి. కొత్త షో వచ్చిందంటే మళ్లీ అన్నీ కొత్తగా. ఇంతకంటే మంచి కాలేజీ ఎవరికి దొరుకుతుంది? సానీ గ్రీర్ డ్రమ్స్ చుట్టూ గాంగులు, గంటలు, టింపనీలు పేర్చుకుని కూర్చునేవాడు. బబ్బర్ మైలీ ట్రంపెట్ నోటికి ప్లంజర్ (రబ్బరు గిన్నె) అడ్డం పెట్టి గుర్రుమనిపించేవాడు. ఆ గుర్రు వినపడగానే డాన్సర్ నడుము తిరగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎల్లింగ్టన్ స్వరం కోసం స్వరం రాసినవాడు కాదు. ఎవడు వాయిస్తాడో తెలిసి వాడి కోసం రాశాడు. డాన్సర్ల విషయంలోనూ అదే పద్ధతి.

1970లో అమెరికన్ బ్యాలే థియేటర్ కోసం ఆల్విన్ ఎయిలీ నృత్యం కూర్చగా ఎల్లింగ్టన్ ‘ది రివర్’ రాశాడు. ఊట దగ్గర పుట్టిన నది వంపులు తిరిగి, గలగలా నవ్వుతూ పరుగెత్తి, సరస్సై, సుడి తిరిగి, జలపాతమై సాగడం దాని వరస. ఊరూరా కచేరీలు చేస్తూనే రాశాడు. సంగీతం ముక్కలు ముక్కలుగా అందుతుంటే కొరియోగ్రాఫర్ పరిస్థితి ఏమిటో నాకు బాగా తెలుసు. మొదటి ప్రదర్శన నాటికి కూడా అది ఇంకా తయారవుతున్న రచనగానే స్టేజ్ ఎక్కింది. సుడిగుండం భాగంలో ఒక్కతే డాన్సర్ తిరుగుతూనే ఉంటుంది. దాని కింద పెర్కషన్ ఎలా తరుముతుందో గమనించండి.

నా మటుకు నాకు ‘ది రివర్’ కంటే ‘నైట్ క్రియేచర్’ ఇష్టం. ఎల్లింగ్టన్ 1974లో చనిపోయాడు. ఆ ఏడూ మరుసటి ఏడూ ఎయిలీ దీన్ని ముందు టెలివిజన్‌కీ తర్వాత స్టేజ్‌కీ మలిచాడు. ‘ది రివర్’ను సింఫనీ ఆర్కెస్ట్రా కోసం రాన్ కాలియర్ కూర్చాడు. పని బాగుంది, కానీ వయొలిన్ల గుంపు స్వింగ్ చేయాలంటే చాలా కష్టం. వాళ్లు బీట్‌కి సరిగ్గా వస్తారు. జాజ్ వాద్యగాడు బీట్‌కి వెంట్రుకవాసి వెనక నిలబడి వస్తాడు. డాన్సర్ తుంటి కదిలేది ఆ వెంట్రుకవాసిలోనే. ‘నైట్ క్రియేచర్’లో బ్యాండ్, ఆర్కెస్ట్రా రెండూ ఉన్నాయి. లాగేది బ్యాండే. డాన్సర్లు కూడా బ్యాలే పాదాలతో వచ్చి క్లబ్ నడుములతో వెళ్తారు.

ప్రశ్న: బ్యాలేకి మొట్టమొదట జాజ్ రాసింది ఎవరు? క్విజ్ కోసం అడుగుతున్నాను.

‘మొట్టమొదట’ అనే కిరీటం ఎవరికీ పెట్టను. క్విజ్ మాస్టర్‌తో మీరే తేల్చుకోండి. తేదీ మాత్రం ఒకటి చెబుతాను: 1923 అక్టోబర్ 25, పారిస్, షాంజెలిజే థియేటర్. ఆ ఒక్క సాయంత్రం స్వీడిష్ బ్యాలే బృందం ఇలాంటివి రెండు వేసింది. ఒకటి డారియస్ మీయో రాసిన ‘లా క్రెయాసియోఁ దు మోంద్’, అంటే సృష్టి కథ. రెండోది కోల్ పోర్టర్ రాసిన ‘విదిన్ ద కోటా’, అమెరికాలో దిగిన వలసదారుడి మీద వేళాకోళం. మీయో అంతకు ముందు ఏడు న్యూయార్క్ వెళ్లి హార్లెమ్‌లో జాజ్ విని వచ్చాడు. వచ్చి ఇరవై మంది లోపు వాద్యగాళ్లతో చిన్న ఆర్కెస్ట్రా పెట్టుకుని, వయోలా కూర్చునే చోట ఆల్టో సాక్సోఫోన్‌ని కూర్చోబెట్టాడు. మధ్యలో ఒక ఫ్యూగ్ ఉంటుంది, అంటే ఒకే బాణీని వాయిద్యాలు ఒకదాని వెనక ఒకటి అందుకునే పద్ధతి. డబుల్ బాస్ గొణుగుతూ మొదలుపెడుతుంది, ట్రాంబోన్ అందుకుంటుంది, సాక్సోఫోన్, ఆ తర్వాత ట్రంపెట్. బాఖ్ కాలపు పద్ధతి, నైట్ క్లబ్ యాస. సెట్లూ వేషాలూ చిత్రకారుడు ఫెర్నాఁ లెజేవి.

దాని కంటే ఏడాది ముందే అమెరికాలో జాన్ ఆల్డెన్ కార్పెంటర్ ఒక కామిక్ పిల్లి మీద ‘క్రేజీ క్యాట్’ అనే జాజ్ పాంటోమైమ్ (మాటల్లేని అభినయం) రాశాడు. అందుకే కిరీటం వద్దన్నాను.

బ్యాలే వైపు నుంచి జాజ్‌ను బాగా అర్థం చేసుకున్న కొరియోగ్రాఫర్ నా లెక్కలో జెరోమ్ రాబిన్స్. 1944లో బర్న్‌స్టీన్ సంగీతంతో ‘ఫ్యాన్సీ ఫ్రీ’, 1958లో రాబర్ట్ ప్రిన్స్ సంగీతంతో ‘ఓపస్ జాజ్’. రెండో దాంట్లో డాన్సర్లు స్నీకర్లు వేసుకుని ఆడతారు. నేల మీద రబ్బరు కీచుమన్నా సరే, ఆ సంగీతానికి బ్యాలే బూట్ల కంటే అదే నప్పింది.

ప్రశ్న: మింగస్ ఆల్బమ్ ఒకటి విన్నాను. ట్రాక్ పేర్లన్నీ డాన్సర్ల మీదే ఉన్నాయి. అది నిజంగా ఎవరైనా ఆడిన బ్యాలేనా?

అది బాస్ వాయించే కంపోజర్ చార్లెస్ మింగస్ చేసిన ‘ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’. 1963 జనవరి 20న రికార్డ్ చేశారు. పదకొండు మంది. సోలో డాన్సర్, ఇద్దరు డాన్సర్లు, గుంపు, ముగ్గురూ గుంపూ కలిసి, ఇలా ట్రాక్‌లకు పేర్లు. బ్యాలేగానే ఊహించి రాశాడు. అయితే అది స్టేజ్ కోసం బుక్ అయిన పని కాదు, స్టూడియోలో పుట్టింది. కొన్ని సాక్సోఫోన్ భాగాలు తర్వాత పైన అతికించారు.

డాన్స్ దృష్టితో వింటే దాంట్లో ఒక దుర్మార్గం ఉంది. చివరి పొడుగు భాగంలో టెంపో మెల్లగా పెరుగుతుంది, పెరిగి పెరిగి ఊపిరాడకుండా అయి కుప్పకూలుతుంది, మళ్లీ మొదలవుతుంది. లెక్కపెట్టి ఆడే డాన్సర్‌కి ఇది నరకం, ఎందుకంటే ప్రతి ఎనిమిదీ ముందుదాని కంటే పొట్టిది. చెవితో ఆడేవాళ్లే దాన్ని దాటగలరు. ఎయిలీకి మింగస్ అంటే పట్టింపు ఉండేది. 1971లో జాఫ్రీ బ్యాలేకి ‘ద మింగస్ డాన్సెస్’ చేశాడు.

ప్రశ్న: టాప్ డాన్సర్‌ని డాన్సర్ అనాలా, డ్రమ్మర్ అనాలా? మా ఇంట్లో దీని మీద గొడవ జరిగింది.

గొడవలో ఎవరు ఏ పక్షమో రాయలేదు కాబట్టి నిర్భయంగా చెబుతాను: డ్రమ్మర్. కాళ్లతో వాయిస్తాడు, అంతే తేడా.

ఆ పని ఎలా నడుస్తుందో చూడండి. ట్రేడింగ్ ఫోర్స్ అని ఒకటుంది. డాన్సర్ 4 బార్లు, డ్రమ్మర్ 4 బార్లు, మళ్లీ డాన్సర్. ఒకరు వేసిన లయను ఇంకొకరు పట్టుకుని, తిప్పి, కొంచెం ఎక్కువ చేసి వదలాలి. లెక్క తప్పితే బ్యాండ్ తిరిగి వచ్చే చోట ఇద్దరూ దొరికిపోతారు. ఇంకొకటి స్టాప్-టైమ్. బ్యాండ్ ప్రతి బార్‌కో రెండు బార్లకో ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటుంది, మధ్యలో ఖాళీ అంతా డాన్సర్ అడుగులదే. టాప్‌కి రాసే కంపోజర్‌కి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఎక్కడ రాయకూడదో. టాప్ చప్పుడు ఎక్కువగా పై స్థాయి ధ్వనులు. అదే స్థాయిలో సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) ఎడతెగకుండా ఉస్సుమంటుంటే అడుగు వినపడదు. కాబట్టి డాన్సర్ బార్లలో డ్రమ్మర్ కర్రల బదులు మెత్తటి చప్పుడు చేసే బ్రష్‌లు పట్టుకోవాలి, లేకపోతే చేతులు కట్టుకోవాలి.

టాప్‌లో మామూలు టైమ్ స్టెప్ (లయ నిలబెట్టే అడుగుల వరస) 8 బార్లు: 6 బార్ల పాటు ఒకే అడుగు తిరగడం, చివరి 2 బార్లలో బ్రేక్, అంటే అడుగు మార్పు. 32 బార్ల పాటలో ఒక్కో భాగానికి అతికినట్టు సరిపోతుంది. ఈ నలుచదరపు లెక్కను బద్దలుకొట్టింది టాప్ డాన్సర్ జాన్ బబుల్స్. టెంపోను సగానికి దించి, మడమ దెబ్బలు కలిపి, ఒక లయవాక్యాన్ని బార్ గీత దాటించి అవతల ముగించాడు. తర్వాత తరంలో బేబీ లారెన్స్ బీబాప్ సాక్సోఫోన్ సోలోలాగే అడుగులు వేశాడు. ఏకంగా టాప్‌ను ముఖ్య వాయిద్యంగా పెట్టి ఒక ఆల్బమ్ చేశాడు. ఆల్బమ్‌లో డాన్సర్ కనపడడు కదా. వినిపిస్తే చాలు అన్నాక మీ ఇంట్లో గొడవకి ఇంకేం మిగిలింది?

ఇంకా రుజువు కావాలంటే 1965 సెప్టెంబర్ 16న శాన్ ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథీడ్రల్‌లో ఎల్లింగ్టన్ మొదటి భక్తి కచేరీ. రాజు దావీదు దేవుడి ముందు నాట్యమాడిన ఘట్టానికి బన్నీ బ్రిగ్స్ టాప్ చేశాడు. ఎల్లింగ్టన్ తన పాత నెమ్మది పాట ‘కమ్ సండే’ బాణీనే తీసుకుని వేగంగా పరిగెత్తించాడు. కాయిర్, బ్యాండ్, వాటి మీద చర్చి నేల మీద ఇనుప పలకల అడుగులు. దానికి రాసిన నోటేషన్‌లో బ్రిగ్స్ వాటా ఖాళీయే అయి ఉంటుందని నా అనుమానం.

ప్రశ్న: రిహార్సల్‌లో బాగానే ఉంటుంది. షో రోజు బ్యాండ్ స్పీడ్ పెంచేస్తుంది. అడిగితే ‘కొంచెమేగా’ అంటారు. ఆ కొంచెం మాకు ప్రాణాంతకం. వాళ్లకి ఎలా చెప్పాలి?

లెక్క వేసి చూపించండి. నిమిషానికి 120 బీట్లంటే ఒక బీట్ అర సెకను. అర సెకను గాల్లో ఉండాలంటే మనిషి సుమారు 30 సెంటీమీటర్లు ఎగరాలి. అదే బీట్‌లో ఎగిరి దిగాలి, టెంపో 132 అయింది అనుకోండి. ఎగరగలిగేది 25 సెంటీమీటర్లే. 160 అయితే 17. భూమ్యాకర్షణకు షో టెన్షన్ అంటే ఏమిటో తెలియదు. బ్యాండ్ పరిగెత్తితే డాన్సర్ తొందరపడలేదు, పొట్టిగా ఎగరగలదు, అంతే. మీ డ్రమ్మర్‌కి ఈ మూడు అంకెలు కాగితం మీద రాసిచ్చి స్టాండ్‌కి అంటించమనండి.

చేతుల కదలికలకు, పాదాల పనికి ఈ ఇబ్బంది తక్కువ. కాబట్టి పెద్ద గెంతులున్న భాగం మొదట్లోనే పియానోనో బాసో టెంపోను నిలబెట్టే రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న బాణీ) ఒకటి రాయించుకోండి. డ్రమ్మర్ ఒక్కడి నరాల మీద వదలకండి. ఇంకో సంగతి: టెంపో పెరిగేకొద్దీ స్వింగ్ లయలో పొడుగు-పొట్టి తేడా కరిగిపోయి స్వరాలు సమంగా అయిపోతాయి. అంటే మీ అడుగు వేగమే కాదు, దాని నడకే మారిపోతుంది. డాన్సర్లు ‘ఏదో తేడాగా ఉంది’ అనేది చాలాసార్లు దీని గురించే.

ప్రశ్న: భరతనాట్యం అడుగులు జాజ్ బ్యాండ్‌కి ఆడిన అమెరికన్ ఉన్నాడట. ఇది ఎవరో పుట్టించిన కథేనా?

కథ కాదు, జాక్ కోల్. 1911లో పుట్టాడు. డెనిషాన్ అనే అమెరికన్ నృత్య బృందంలో మొదలై, భారతీయ నృత్యం శ్రద్ధగా నేర్చి, 1930ల చివర్లో న్యూయార్క్ నైట్ క్లబ్బుల్లో ఆ ముద్రలను, మెడ కదలికలను, వంచిన మోకాళ్లను స్వింగ్ బ్యాండ్‌కి పెట్టి ఆడాడు. ‘హిందూ స్వింగ్’ అన్నారు దాన్ని. పేరు వింటే నాకూ నవ్వొస్తుంది. కానీ పని తేలిక కాదు. నడుము పైభాగం ఒక లయలో, పాదాలు ఇంకో లయలో, తల మూడో లయలో ఉండే శరీరానికి స్వింగ్‌లోని ఎదురు దెబ్బలు సహజంగా దొరికాయి. అమెరికన్ స్టేజ్ మీద, సినిమాల్లో జాజ్ డాన్స్ అని ఈరోజు మనం గుర్తుపట్టే భంగిమల్లో చాలా వాటి వెనక అతనే ఉన్నాడు. 1953లో మార్లిన్ మన్రో వజ్రాల పాటకు నృత్యం కూర్చింది కూడా కోలే. ఆ పాటలో ఆమె మణికట్లు చూడండి.

ప్రశ్న: మా బృందం 15 నిమిషాల నృత్యానికి కొత్తగా జాజ్ రాయించుకోవాలనుకుంటోంది. కంపోజర్‌ని మొదటిరోజు ఏం అడగాలి? ఇప్పటికీ ఇలా రాసేవాళ్లున్నారా?

ఉన్నారు. ట్రంపెట్ వాద్యగాడు విన్‌టన్ మార్సాలిస్‌నే తీసుకోండి. 1991లో గార్త్ ఫేగన్‌కి ‘గ్రియో న్యూయార్క్’, 1993లో న్యూయార్క్ సిటీ బ్యాలేలో పీటర్ మార్టిన్స్‌కి ఒకటి, 1995లో ట్వైలా థార్ప్‌కి ‘జంప్ స్టార్ట్’, 1996లో జూడిత్ జామిసన్‌కి ‘స్వీట్ రిలీజ్’. నలుగురు కొరియోగ్రాఫర్లు, నాలుగు రకాల శరీర భాషలు.

మొదటిరోజు కంపోజర్‌ని అడగడం కాదు, మీరే చెప్పాలి. ‘విషాదంగా మొదలై ఆశాజనకంగా ముగియాలి’ లాంటివి ఇంట్లో పెట్టి రండి. నిమిషాల పట్టిక తీసుకెళ్లండి: ఎంతమంది స్టేజ్ మీద, నేల మీదా గాల్లోనా, ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారు, బట్టలు మార్చుకోవడానికి ఎంతసేపు. మీరు ఆడి చూసిన టెంపోలు మెట్రోనోమ్ అంకెల్లో ఇవ్వండి. కంపోజర్ దాన్ని కోరస్‌లుగా మార్చుకుంటాడు. 160 టెంపోలో 32 బార్ల కోరస్ 48 సెకన్లు, 12 బార్ల బ్లూస్ 18 సెకన్లు. ‘ఇక్కడ 2 నిమిషాలు కావాలి’ అని మీరంటే ‘రెండున్నర కోరస్‌లు కుదరదు, రెండా మూడా?’ అని అతను అంటాడు. ఆ బేరం మొదటిరోజే జరగాలి. స్టెప్పులన్నీ కూర్చాక జరిగితే ఏడుపే.

సోలోలు ఎవరివో అడగండి. సాక్సోఫోన్ సోలో తెరిచి ఉంచితే దాని పొడవు ఎవరు తేలుస్తారు? డాన్సర్ క్యూనా, ముందే లెక్కపెట్టిన కోరస్‌లా? రెండూ పనికొస్తాయి, రెండూ కలిపితేనే ప్రమాదం. రిహార్సల్‌కి పియానో-డ్రమ్స్ రికార్డింగ్ ఒకటి ముందే అడిగి పుచ్చుకోండి, కానీ డాన్సర్లను దానికి మరీ అలవాటు చేయకండి. ఒకే సోలోను వందసార్లు విన్న డాన్సర్ షో రోజు కొత్త సోలో వినపడగానే దారి తప్పుతుంది. నేను రిహార్సల్‌లో కావాలనే రోజూ వేరుగా వాయిస్తాను. మొదట్లో తిట్టుకుంటారు. స్టేజ్ మీద బ్యాండ్ ఎక్కడ ఉంటుందో కూడా అప్పుడే తేల్చుకోండి, నా పరదా గోడు గుర్తుంచుకుని. ఇక కాగితం మీద పెట్టుకోవలసినవి: ఎన్ని ప్రదర్శనలకు వాడుకోవచ్చు, వీడియో పెట్టుకోవచ్చా, బ్యాండ్ లేని చోట రికార్డింగ్‌తో ఆడొచ్చా.

ప్రశ్న: పాటలో సాక్సోఫోన్ ఉంటే అది జాజ్ కిందికే వస్తుందా?

రాదండీ. సాక్సోఫోన్ మిలిటరీ బ్యాండ్లలోనూ ఉంది.